పాలు పోసిన మలుపు

అతను మంచం మీద పోయాడు. బోరబండలో కూతురింట్లో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నిద్రలో. ఫోనులో ఈ కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. చెప్పేవాళ్ళు ఎవరి గురించో చెబుతున్నారనుకున్నాను. తారు మీద, సిమెంటు మీద, కంకర మీద ఒంటినంతా ఖర్చుపెట్టిన మనిషి పరుపు మీద ఎలా పోతాడు?

అతని పేరు రాయను. సినిమా అయిపోయాక తెర మీద పేర్లు పడతాయి చూడండి, అక్కడ కూడా అది ఎప్పుడూ పడలేదు. హీరోకు బదులు మోటారుసైకిలు తోలేవాడు, హీరోకు బదులు పడేవాడు. డూపు. నేను నీళ్ళ ట్యాంకరు వాణ్ణి, షేక్‌పేటలో పుట్టినవాణ్ణి. మాదాపూర్ దిక్కు అద్దాల మేడలు లేస్తున్న ఏళ్ళలో జూబ్లీహిల్స్ బంగళాలకు నీళ్ళు పోసేవాణ్ణి. షూటింగు ఉందంటే రోడ్డు తడపడానికి పోయేవాణ్ణి. సినిమాలో మీరు చూసే వాన వాన కాదు, నా ట్యాంకరు. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. మెత్తగా రాయడం రాదు. చూసింది రాస్తాను.

అతని ఎడమ చెవి సగమే ఉండేది. ఎవరన్నా అడిగితే మా ఆడది కొరికిందనేవాడు, ఇంకొకరు అడిగితే కుక్క అనేవాడు. అసలు సంగతి నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో, ముందు బ్రేకు పట్టాడు. చక్రం పక్కకు పోయింది, తల రోడ్డును గీసుకుంటూ పోయింది. ఆ బ్రేకు పట్టిన వేళ్ళ మీద తర్వాత బతుకంతా పగ తీర్చుకున్నాడు. తన వేళ్ళ మీద కాదు, కనబడ్డవాళ్ళ వేళ్ళ మీద.

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎక్కే దారిలో, బండరాళ్ళ మధ్య ఒక మలుపు ఉంది. ఇప్పుడు ఆ బండరాళ్ళు లేవు, వాటి మీద మేడలున్నాయి. అప్పుడు అక్కడ ఒక చాయ్ బండి ఉండేది. సినిమా ఫైటర్లంతా పొద్దున్నే పని కోసం అక్కడ చేరేవాళ్ళు. పైన ఎక్కడ చూసినా పునాదులు తవ్వేవాళ్ళు, టిప్పర్ల నుంచి ఎర్రమట్టి రోడ్డంతా రాలేది. తొలకరి జల్లు పడిందంటే ఆ మట్టి, ఆటోలు కార్చిన ఆయిలు, టైర్ల రబ్బరు అన్నీ కలిసి రోడ్డు మీద పేస్టు తేలేది. మెడలో తాళ్ళకు కార్డులు వేలాడేసుకుని ఆఫీసులకు పోయే పిల్లలు కొత్త బండ్ల మీద వచ్చి, ఆ మలుపులో వరసగా పడేవాళ్ళు.

పడినవాడి దగ్గరికి అందరికంటే ముందు అతనే ఉరికేవాడు. పోయి లేపేవాడు కాదు. మొదట చెంప మీద కొట్టేవాడు. కిందపడి, మోకాలు చీరుకుపోయి, దిక్కుతోచక చూస్తున్నవాణ్ణి కాలరు పట్టి కూర్చోబెట్టి కొట్టేవాడు. "ముందు బ్రేకు పట్టినవా లేదా?" అని ఒక్కటే ప్రశ్న. ఒక అబ్బాయి, "జస్ట్ టచ్ చేశానండీ" అన్నాడు. రెండో దెబ్బ పడింది. "టచ్ చేసిండంట" అని మా అందరి వైపూ తిరిగి చెప్పాడు, ఆ అబ్బాయి ఏదో బూతు పని చేసినట్టు.

తర్వాత తన చొక్కాతోనే వాడి నెత్తురు తుడిచేవాడు. వంగిపోయిన హ్యాండిలును కాళ్ళ మధ్య ఇరికించి సరిచేసేవాడు. అక్కడితో వదిలేవాడా అంటే అదీ లేదు. వాణ్ణి మళ్ళీ బండెక్కించి పైకి పంపి, అదే మలుపులో మళ్ళీ దిగమనేవాడు. తాను చెప్పులు లేకుండా పక్కన ఉరుకుతూ, వాడి బ్రేకు చేతి మీద వేపబరికెతో తడుతూ అరిచేవాడు. బండిని పండబెట్టకు, నువ్వు లోపలికి వంగు, బండిని నిలబెట్టు. ఎక్స్‌లేటరు ఒక్కతీరుగ ఉంచు, ఇడువకు, తిప్పకు. తెల్లగీత మీద చక్రం పెడితే కాలు ఇరగ్గొడతా. మ్యాన్‌హోలు మూతను చూడకు, నువ్వు దేన్ని చూస్తే బండి దాని మీదికే పోతది, పొయ్యే తోవను చూడు. అన్నిటికంటే ఎక్కువసార్లు అనే మాట ఇంకొకటి ఉండేది.

"భయపడేది ఉంటే మలుపుకు ముందే భయపడు. ముందే తగ్గించు. లోపటికి పోయినంక భయం దేనికీ పనికిరాదు."

కొందరు తిరిగి కొట్టారు. ఒకడు సాయంత్రం దోస్తులను కారులో వేసుకొచ్చి హాకీ కట్టెతో నడుం మీద బాదించాడు. అతనికి వాళ్ళ మీద కోపం రాలేదు. చాయ్ బండి బల్ల మీద బోర్లా పడుకుని నా చేత నడుముకు జండూబామ్ రాయించుకుంటూ, వాడు కారు తోలుకొచ్చేటప్పుడు చూసినవా అన్నా, ఇప్పుడు మలుపుకు ముందే గేరు తగ్గించుకొని వచ్చిండు అని మురిసిపోయాడు.

పని దగ్గర అతను ఇంకో మనిషి. షాటుకు ముందు చెప్పులు విప్పి మలుపు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. బొటనవేలితో రోడ్డును గీకేవాడు. జారే చోటల్లా ఉమ్మేవాడు. రంగు గీత మీద ఉమ్మి, మ్యాన్‌హోలు మీద ఉమ్మి, ఆటోలు ఆగే చోట ఉమ్మి. నీళ్ళు పడగానే ఉమ్మి కొట్టుకుపోయేది, కానీ అతనికి ఎక్కడెక్కడ ఉమ్మాడో గుర్తుండేది. చక్రం అక్కడికి పోయేది కాదు. హీరో జుట్టులాంటి విగ్గును పాలిథిన్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకునేవాడు, షాటుకు పిలిచేదాకా తీసేవాడు కాదు.

నా దగ్గర ఒక షరతు పెట్టుకున్నాడు. మొదటి నీళ్ళు రోడ్డుకు, రెండో నీళ్ళు బండికి అనేవాడు. అంటే నేను మొదటి ట్యాంకరు పోసి రోడ్డు కడగాలి. ఆయిలూ మట్టీ పైకి తేలి, కొట్టుకుపోయి, బొటనవేలి కింద రోడ్డు కిర్రుమనాలి. ఆ తర్వాతే రెండో ట్యాంకరుతో వాన కురిపించాలి. ప్రొడక్షను వాళ్ళు దీనికి ఏడ్చేవాళ్ళు. అయినా అతనున్నన్నాళ్ళు అలాగే జరిగింది.

ఆ రోజు కూడా పొద్దున అలాగే జరిగింది. అదే మలుపు. ట్రాఫిక్ ఆపి షూటింగు పెట్టారు. సీను ఏమిటంటే, వానలో హీరో హీరోయిన్ను వెనక కూర్చోబెట్టుకుని వస్తాడు, రౌడీల జీపులు వెంటపడతాయి, మలుపులో బండి బాగా వంగాలి. హీరోయిన్‌కు డూపుగా బోరబండ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న బిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆమెకు అది మొదటి పెద్ద షాటు. పొద్దున రిహార్సల్లో అతను ఆమెను ఎక్కించుకుని గాజు మీద నూనె జారినట్టు మలుపు తిరిగి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అదే పూట గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చి, కొన్నాళ్ళుగా మా చాయ్ బండి దగ్గర చేరుతున్న ఫైటరు ఒకడు ఫైటు మాస్టరు వెనకే తిరుగుతున్నాడు. మంచి ఒడ్డూ పొడుగూ, భయం లేని కుర్రాడు. వాణ్ణి చూసి మనవాడు నాతో, గోదారోడు నా విగ్గు పెట్టుకోనీకి వచ్చిండన్నా అని గొణిగాడు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, అతనికి అసూయ లేదని నేను చెప్పను. ఉంది.

నేను తిండికి పోయి వచ్చేసరికి నా ట్యాంకరు మూత తెరిచి ఉంది. మూత చుట్టూ తెల్లటి నురుగు, దాని మీద ఈగలు. సంగతేమిటంటే, వాన చినుకులు కెమెరాకు ఆనడం లేదని డైరెక్టరు గొడవపడ్డాడట. నీళ్ళలో పాలు కలిపితే వాన తెల్లగా, లావుగా కనబడుతుందని ఎవరో ఆయనకు చెప్పారట. ప్రొడక్షను మేనేజరు డెయిరీ నుంచి క్యాన్లు తెప్పించి కుమ్మరించాడు. పైపులు తిప్పి చూసుకున్నారు, వాన బ్రహ్మాండంగా కనబడింది. నేను వచ్చేటప్పటికి రోడ్డంతా తెల్లగా ఉంది, అంచుల్లో ఎండకు ఆరి తెట్టు కడుతోంది.

నేను పోయి అతనికి చెప్పాను. చెప్పులు విప్పి నడిచాడు. నాలుగడుగులు వేయకముందే కాలు జారింది. వంగి రోడ్డును వేలితో రాసి నోట్లో పెట్టుకున్నాడు. లేచి నేరుగా ఫైటు మాస్టరు దగ్గరికి పోయి, రోడ్డు కడగాలె, వట్టి నీళ్ళు తేవాలె, లేకుంటే బండి నిలవదని చెప్పాడు.

నీళ్ళు తెచ్చి కడిగేసరికి ఎండ పోతుందని మాస్టరు అన్నాడు. డైరెక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడే. "మిల్క్ కదండీ, సబ్బు కాదుగా. దానికేమవుతుంది?" అన్నాడు. మనవాడు అదే మాట మళ్ళీ అన్నాడు, కడగాలె అని. అప్పటికే షాటుకు తయారై తల మీద విగ్గు పెట్టుకుని ఉన్నాడు. మాస్టరు చెయ్యి చాపి ఆ విగ్గును అతని తల మీద నుంచి తీసి, గోదావరి కుర్రాడి తల మీద పెట్టాడు.

"వయసైపోయిందయ్యా నీకు. పక్కకు రా. కుర్రాడు చేస్తాడు."

ఎవరో నవ్వారు. వెంట్రుకలు అణిగిపోయి, సగం చెవితో, నడివయసు మనిషి యూనిట్ మధ్యలో నిలబడ్డాడు. ఆ అమ్మాయి అప్పటికే కొంగు బిగించి బండి వెనక ఎక్కింది. అతను ఆమె దగ్గరికి పోయి, "దిగు బిడ్డా" అన్నాడు. "నేనెందుకు దిగాలె? నీకు భయమైతే నువ్వు పక్కకు నిలబడు" అన్నది ఆమె. ఆమెదీ తప్పు కాదు, వచ్చిన పని చెడగొట్టుకుంటుందా?

కుర్రాడితో మాత్రం మెల్లగా మాట్లాడాడు. "తమ్మీ, పాల మీద పోతున్నవ్. ఎనక ఆడపిల్ల ఉన్నది." కుర్రాడు హ్యాండిలు మీది నుంచి చేతులు తీయకుండానే, "మీరు చెయ్యలేరని నన్ను కూడా ఆపుతారా అన్నా?" అన్నాడు.

అతను నా ట్యాంకరు దగ్గరికి వచ్చి, సీటు కింది నుంచి చక్రాల నట్లు విప్పే పానా తీశాడు. బండిని పగలగొడతాడనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, అతను నాకంటే బాగా లెక్క వేశాడు. బండి పగిలితే అదే రంగు బండి ఇంకొకటి పక్కన తయారుగా ఉంది. తోలేవాడు మాత్రం ఇంకొకడు లేడు. చక్కగా నడుచుకుంటూ పోయి, ఎక్స్‌లేటరు పట్టుకున్న కుడిచేతి మణికట్టు మీద, ఇనుప పానాతో, పైకెత్తి కొట్టాడు.

పంపు ఆపేసి ఉంది కాబట్టి ఆ చప్పుడు అందరికీ వినబడింది. కుర్రాడు అరవలేదు. తన చెయ్యి కిందికి వేలాడుతుంటే దాన్ని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూశాడు. తర్వాత బండితో సహా పక్కకు ఒరిగాడు. అమ్మాయి దూకి అరిచింది.

అప్పుడు ఫైటర్లు అతని మీద పడ్డారు. వాళ్ళంతా రోజూ కొట్టుకునేవాళ్ళే, కానీ వాళ్ళ గుద్దు ఎప్పుడూ మొహానికి బెత్తెడు దూరంలో ఆగేది. ఆ రోజు ఏదీ ఆగలేదు. నిజంగా కొట్టడం అలవాటు లేక అడ్డదిడ్డంగా కొట్టారు, కొందరి గుద్దులు వాళ్ళలో వాళ్ళకే తగిలాయి. అతను చెయ్యి ఎత్తలేదు, అడ్డం కూడా పెట్టుకోలేదు. పక్కటెముకల్లో తన్నుతుంటే పాల నీళ్ళలో దొర్లాడు. కొట్టడానికి పోయినవాళ్ళు ముగ్గురో నలుగురో అదే నీళ్ళలో కాళ్ళు జారి అతని మీదే పడ్డారు. వాళ్ళకు దాంట్లో ఏమీ అర్థం కాలేదు, ఇంకా కోపం వచ్చి ఇంకా తన్నారు.

ప్యాకప్ చెప్పారు. కుర్రాణ్ణి కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు. పోలీసుల దాకా వద్దని లోలోపలే తేల్చారు. అతనికి ఇక ఈ ఊళ్ళో పని లేదని మాస్టరు అక్కడే చెప్పేశాడు. అమ్మాయి పోతూ పోతూ అతని ముందు మట్టి ఎత్తిపోసి శాపం పెట్టింది. అసూయతో చెయ్యి విరగ్గొట్టాడన్నది ఆ సాయంత్రానికే ఫిల్మ్‌నగరంతా పాకింది. ఎవరూ మలుపులో బండి మీద నుంచి పడలేదు కదా. పడని పాటుకు సాక్ష్యం ఎక్కడిది?

యూనిట్ వాళ్ళు తాళ్ళు విప్పి ట్రాఫిక్ వదిలారు. రోడ్డు కడగాలని ఎవరికీ తోచలేదు. అతను బండరాయి మీద కూర్చుని నోట్లోని నెత్తురు ఉమ్మి, "అన్నా, నీళ్ళు తే" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఉన్న పాలనీళ్ళు కాలువలో వదిలి, మంచినీళ్ళు నింపుకోవడానికి షేక్‌పేట దిక్కు దిగాను.

తిరిగి వచ్చేటప్పుడు కింది నుంచే చూశాను. మలుపు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి, వచ్చే ప్రతి స్కూటరునూ ఆపి, దింపి, నెట్టించి పంపుతున్నాడు. చొక్కా ముందుభాగమంతా నెత్తురు, పాలు. తాగినవాడనుకుని జనం తిడుతున్నారు. కార్లవాళ్ళు హారన్లు కొట్టి పక్క నుంచి పోతున్నారు. పై నుంచి ఒక మోపెడ్ వచ్చింది. దానికి రెండు వైపులా కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోళ్ళు. కోళ్ళాయన దూరం నుంచి ఈ నెత్తుటి మనిషిని చూసి భయపడ్డాడు. దొంగో పిచ్చివాడో అనుకుని తప్పించుకుపోదామని వేగం పెంచాడు. మలుపులోకి వచ్చాక అతను మరీ దగ్గరగా కనబడేసరికి రెండు బ్రేకులూ పట్టాడు.

మోపెడ్ పడలేదు, రోడ్డు దాన్ని కింద నుంచి లాగేసుకుంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జారుకుంటూ పోయి బండరాయికి కొట్టుకుంది. కోళ్ళు కొన్ని కింద నలిగిపోయాయి, కొన్ని కట్లు తెగి ఎగరలేక తెల్లటి నీళ్ళలో రెక్కలు కొట్టుకున్నాయి. కోళ్ళాయన బోర్లా పడి లేచి నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు తీశాడు. తెల్లటి నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. షూటింగు బండి అదే వేగంలో, ఒంగి, వెనక మనిషితో, వెనక జీపులతో వస్తే ఏమై ఉండేదో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను కదా, కొడతాడనుకున్నాను. అతను కొట్టలేదు. పడ్డవాణ్ణి కొట్టకుండా లేపడం ఆ ఒక్కసారే చూశాను. పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టి, నా వైపు తిరిగాడు.

"చూసినవ్ గదా అన్నా. నువ్వు చూసినవ్ గదా."

చూశానన్నాను. కోళ్ళాయన మా ఇద్దరినీ అమ్మానాన్నలతో సహా తిట్టాడు. మేము రోడ్డు కడిగాం. అతను బొటనవేలితో గీకి, కిర్రుమనేదాకా కడిగించాడు.

మర్నాడు నేను మాస్టరు దగ్గరికి పోయి చెప్పాను. కోళ్ళబండికీ ఫైటరుకూ పోలికేంటయ్యా అని నవ్వాడు. ఆసుపత్రికి పోయి ఆ కుర్రాడికీ చెప్పాను, పాలు, కోళ్ళు, పళ్ళు, గులాబీ నీళ్ళు, అన్నీ. నేను చెబుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక్క మాట అడగలేదు. గోడకు చెప్పి వచ్చినట్టయింది.

మనవాడు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వే పోయి చెప్పొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "చెయ్యి ఇరగ్గొట్టింది నిజమే గదా. ఇంకేం మాట్లాడాలె?" అన్నాడు. తర్వాత బోరబండలో ఒక మెకానిక్ షెడ్డులో చేరాడు. ఆదివారం పొద్దున కొత్త బండ్లు కొన్న ఆఫీసు పిల్లలను కొండ మీద ఖాళీ రోడ్డుకు తీసుకుపోయి, నా ట్యాంకరు కుళాయి విప్పించి, తిట్టీ కొట్టీ మలుపులు నేర్పేవాడు.

కుర్రాడి చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్ళీ బండి ఎక్కలేదు. మెదడున్నవాడు, కొన్నేళ్ళకు తనే ఫైటు మాస్టరయ్యాడు. ఒకనాడు చాయ్ బండి దగ్గర అతణ్ణి చూసి, కారు ఆపి, దిగి, ఆ వంకర చేత్తోనే మొహం పగిలేటట్టు గుద్దాడు. అతను కిందపడి, లేచి, పెదవి తుడుచుకుని, "చెయ్యి మంచిగనే పనిచేస్తున్నది" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడినట్టు నాకు తెలియదు.

మొన్న శవం లేపేటప్పుడు వాన పడుతోంది. కూతురిల్లు గుట్ట మీద, సందులోకి ఏ బండీ రాదు, కింద రోడ్డు మీద వ్యాను ఆగింది. అక్కడిదాకా పాడె మొయ్యాలి. అంతలో ఆ చెయ్యి విరిగిన ఫైటు మాస్టరు సందు ఎక్కి వచ్చాడు. గొడుగు లేదు, జుట్టు తెల్లబడింది. అతణ్ణి గుర్తుపట్టి అల్లుడు అడ్డం నిలబడ్డాడు. మాస్టరు బూట్లు విప్పి గడప పక్కన పెట్టి, పాడె ముందు కొసకు భుజం ఇచ్చాడు. వంకర చేతికి వెదురు పట్టు దొరకలేదు, మోచేతితో చుట్టి పట్టాడు.

సందు నిలువు ఏటవాలు. సిమెంటు మీద పాకుడు, దాని మీద మురికినీళ్ళు. రైలుపట్టాల గోడ దగ్గర గట్టిగా ఒక మలుపు. వాన పెరిగేసరికి వెనకవాళ్ళు తొందరపడి నెట్టడం మొదలుపెట్టారు. పాడె ఊగింది. నేను పక్కనే నడుస్తున్నాను. మాస్టరు బొటనవేలితో నేలను గీకడం చూశాను. తల తిప్పకుండా అన్నాడు. గోదావరి మనిషి, కానీ ఆ మాట ఆ యాసలో రాలేదు.

"మలుపుకు ముందే తగ్గించుండ్రి. లోపటికి పోయినంక ఎవ్వడన్న ఆగితే కాలు ఇరగ్గొడతా."

తగ్గించారు. మలుపు తిరిగాం. ఎవరి కాలూ జారలేదు.

కింద వ్యానులోకి ఎక్కించాక మాస్టరు కూడా పాడె పక్కన ఎక్కి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా మొహం చూశాడు, గుర్తుపట్టాడో లేదో అనుకున్నాను.

"ఆ కోళ్ళాయన," అన్నాడు, "పళ్ళు కట్టించుకున్నాడా?"

తెలియదని చెప్పాను. మమ్మల్ని తిట్టుకుంటూ పోయాడు, మళ్ళీ ఆ దారిన రాలేదని చెప్పాను. తల ఊపాడు. తలుపు వేసుకుందామని చెయ్యి చాపాడు గానీ, ఆ చేతికి తలుపు లాగే బలం లేదు. నేను బయట నుంచి నెట్టాను.